ఆ డ్రమ్ములోని ఆయిల్ మీ బండిలో పోయించకండి

బడంగ్‌పేట్, బాలాపూర్, నాదర్‌గుల్, మామిడిపల్లి, అల్మాస్‌గూడ వాసులకూ, రాత్రనక పగలనక శంషాబాద్ విమానాశ్రయానికి క్యాబ్ తోలే అన్నదమ్ములకూ ఇది హెచ్చరిక. ఎండలు ముదిరేలోపు మీ బండిలో ఉన్న ఇంజిన్ ఆయిల్ ఏమిటో తెలుసుకోండి. చవకగా వస్తోందనో, మెకానిక్ దగ్గర సిద్ధంగా ఉందనో ఏది పడితే అది పోయిస్తే చివరికి పోయేది ఇంజిన్. ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. ఆ వేగంలో, వెనక లారీ వస్తుండగా ఇంజిన్ పట్టేస్తే జరిగేది డబ్బు నష్టంతో ఆగదు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలంటే, మూడు తరాల ఇంజిన్లు ఒకే రోడ్డు మీద, ఒకే షెడ్డు ముందు నిలబడుతున్న చోటు ఇది. 2008 మార్చి 23న శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది. ఔటర్ వచ్చింది. పొలాలు కాలనీలయ్యాయి. ఇవాళ ఇక్కడి ఏ మెకానిక్ షెడ్డు ముందైనా చూడండి: తాతల నాటి బుల్లెట్, పిల్లల్ని బడికి దింపే యాక్టివా, సీఎన్‌జీ క్యాబ్, ఇటుకల టిప్పర్, నీళ్ల ట్యాంకర్, నిరుడు కొన్న టర్బో పెట్రోల్ కారు. చాలా షెడ్లలో వీటన్నిటికీ కలిపి మూలన ఒకే ఒక్క పెద్ద డ్రమ్ము ఉంటుంది, దానికో కుళాయి. అదే లూజ్ ఆయిల్. ఏ బండి వచ్చినా అందులోంచే పడతారు. ఏ కంపెనీది అని అడిగితే ఒక పేరు చెబుతారు. ఏ గ్రేడ్ అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే 20డబ్ల్యూ-40 అంటారు, అన్నిటికీ సరిపోతుందంటారు. అన్నిటికీ సరిపోయే ఇంజిన్ ఆయిల్ ఈ లోకంలో లేదు.

డబ్బా మీది అంకెలు ఏం చెబుతాయో తెలిస్తే సగం మోసం అక్కడే ఆగిపోతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 20డబ్ల్యూ రకం సున్నా కంటే 15 డిగ్రీలు తక్కువ చలిలోనూ ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వాలి. మన హైదరాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున కూడా అంత చలి పుట్టదు కాబట్టి పాత బండికి ఆ మొదటి అంకెతో పేచీ లేదు. కొత్త బండికి మాత్రం ఉంది. వాల్వుల టైమింగును ఆయిల్ ఒత్తిడితోనే మార్చే ఇంజిన్లివి, వాటి దారులు సన్నవి. అందుకే కొత్త పెట్రోల్ కార్లలో చాలావాటికి 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్ చెబుతున్నారు. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైన క్యామ్‌కు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఇంజిన్ ఎక్కువగా అరిగేది ఆ క్షణాల్లోనే. ఇక పాత, వదులు బేరింగుల ఇంజిన్‌లో 0డబ్ల్యూ-20 పోస్తే జూన్ ఎండలో ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఒత్తిడి పడిపోతుంది. రెండూ తప్పే.

చిక్కదనం ఒక్కటే చూస్తే చాలదు. దాని పక్కనే ఏపీఐ ప్రమాణం పేరుతో రెండక్షరాలుంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు. ఎస్‌ఎల్, ఎస్‌ఎం, ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ అని తరాలు మారుతూ వచ్చాయి. కొత్త తరం పాతదాని కంటే అన్నివిధాలా మేలని దుకాణదారులు చెబుతారు. చాలా బండ్లకు అది నిజమే. కానీ నిజంగా పాత ఇంజిన్ల దగ్గర ఆ మాట తప్పుతుంది. అక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

అంబాసిడర్‌ను 2014 మే వరకు తయారు చేశారు. ప్రాణప్రదంగా దాచుకున్న అంబాసిడర్లు, ఫియట్ పద్మినీలు మన జంటనగరాల్లో ఇంకా తిరుగుతున్నాయి. అంబాసిడర్‌లోని పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో, పద్మిని ఇంజిన్‌లో క్యామ్ తిరుగుతూ ట్యాపెట్‌ను నేరుగా రాసుకుంటూ పైకి తోస్తుంది. మధ్యలో రోలర్ లేదు. ఇనుము మీద ఇనుము, అంత బిగువున రుద్దుకునే చోట ఒట్టి ఆయిల్ పొర నిలవదు. అందుకే ఆయిల్‌లో జింకు, భాస్వరం కలిసిన ఒక రసాయనం వేస్తారు. దాన్ని జడ్‌డీడీపీ అంటారు. రాపిడి, వేడి ఎక్కువైన చోట అది లోహం మీద పల్చటి రక్షణ పొరగా ఏర్పడి, తాను అరుగుతూ క్యామ్‌ను కాపాడుతుంది. అయితే ఆ భాస్వరం పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది. కాబట్టి కొత్త ప్రమాణాలలో దాన్ని తగ్గించారు. ఎస్‌ఎం వచ్చేసరికి పల్చటి గ్రేడ్లలో భాస్వరం 0.08 శాతం మించకూడదన్నారు. కొత్త కార్లకు అది సరిపోతుంది. అంబాసిడర్ క్యామ్‌కు సరిపోదు. దాని కొమ్ములు నెమ్మదిగా అరిగిపోతాయి, వాల్వు పూర్తిగా తెరుచుకోదు, పికప్ తగ్గుతుంది. యజమాని కార్బురేటర్‌ను, ప్లగ్గులను, పాయింట్లను అనుమానిస్తూ తిరుగుతాడు.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. భాస్వరం మీద ఆ పరిమితి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పల్చటి గ్రేడ్లకే. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు అది వర్తించదు. పాత పుష్‌రాడ్ ఇంజిన్‌కు పేరున్న కంపెనీ 20డబ్ల్యూ-50 ఎంచుకుంటే, కంపెనీ ఇచ్చే వివరపత్రంలో జింకు ఎంతుందో ఒకసారి అడిగి చూసుకుంటే చిక్కదనం, రక్షణ రెండూ దొరుకుతాయి. ఖరీదైన ఫుల్ సింథటిక్ పల్చటి ఆయిల్ పోసి పాత కారుకు గౌరవం చేస్తున్నామనుకునేవారు దయచేసి ఆగండి.

పాత ఇంజిన్‌కు ఇంకో గండం ఫ్లషింగ్. ఏళ్ల తరబడి చవక ఆయిల్ పోసిన ఇంజిన్ అడుగున, హెడ్డు కింద నల్లటి జిడ్డు పేరుకుంటుంది. ఫ్లషింగ్ ఆయిల్ పోసి ఒక్కసారిగా కడిగేస్తామంటారు. ఆ జిడ్డు పెళ్లలుగా ఊడి చాంబర్‌లోని జాలీకి అడ్డం పడితే పంపుకు ఆయిల్ అందదు. శుభ్రం చేయబోయి ఇంజిన్‌ను చంపడం అంటే ఇదే. జిడ్డు పట్టిన ఇంజిన్‌కు మంచి మామూలు ఆయిల్ పోసి, ఫిల్టరుతో సహా తక్కువ వ్యవధిలో రెండు మూడుసార్లు మార్చండి, అదే నెమ్మదిగా కడుగుతుంది. పొగ కొడుతూ ఆయిల్ తాగే ఇంజిన్‌లో మరీ చిక్కటి ఆయిల్ పోసి పొగ తగ్గిందని అమ్మేవారున్నారు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఆయిల్ గేజ్ బయటకు తీసి చూడండి. ఆయిల్ అతి చిక్కగా, తేనెలా జారుతోందంటే బోర్ పని దాచారేమోనని అనుమానించండి.

ఇక బుల్లెట్ల సంగతి. మన దగ్గర బుల్లెట్ లేని వీధి లేదు. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇంజిన్, గేర్ బాక్స్, క్లచ్ కేసు వేటికవే. దేని ఆయిల్ దానిది. తర్వాతి యూనిట్ ఇంజిన్లలో అన్నిటికీ ఒకటే ఆయిల్, క్లచ్ ప్లేట్లు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇక్కడ కారు ఆయిల్ పోయకూడదు. మైలేజీ కోసం కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఆ మందు క్లచ్ ప్లేట్లకు తగిలితే ప్లేట్లు పట్టవు, ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఔటర్ సర్వీస్ రోడ్డులో ఎదురుగా వచ్చే వాహనాన్ని తప్పిస్తూ ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు క్లచ్ జారితే ఏమవుతుందో ఊహించండి. అందుకే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో మోటార్ సైకిళ్లకు ఎంఏ, ఎంఏ2 అనే గుర్తులు పెట్టింది. యూనిట్ ఇంజిన్ బుల్లెట్‌కు కంపెనీ చెప్పేది 15డబ్ల్యూ-50, ఏపీఐ ఎస్‌ఎల్, జాసో ఎంఏ2. యాక్టివా లాంటి స్కూటర్‌కు క్లచ్ ఆయిల్‌లో ఉండదు, దానికి చెప్పేది 10డబ్ల్యూ-30, జాసో ఎంబీ. ఈ రెండూ తారుమారు చేయడం, ముఖ్యంగా స్కూటర్ ఆయిల్‌ను బుల్లెట్‌లో పోయడం పెద్ద తప్పు. పాత యెజ్డీ, పాత చేతక్ లాంటి టూ స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపేది 2టీ ఆయిల్ మాత్రమే. ఫోర్ స్ట్రోక్ ఆయిల్ కలిపితే ప్లగ్, సైలెన్సర్ మసిబారతాయి, పిస్టన్ పట్టేస్తుంది.

టర్బో పెట్రోల్ కార్లు కొన్న యువకులకు ఒక మాట. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాని ఇరుసును మోసేది వెంట్రుక కంటే పల్చటి ఆయిల్ పొర. పైగా ఈ చిన్న ఇంజిన్లలో తక్కువ వేగంలో ఎక్కువ లోడు పడినప్పుడు ప్లగ్ మెరవకముందే మంట అంటుకునే జబ్బు ఉంది. ఆ పేలుడుకు పిస్టన్ పగిలిపోగలదు. ఆయిల్‌లోని కాల్షియం మందులు దాన్ని పెంచుతాయని తేలాక 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు తెచ్చింది దీనికోసమే. టర్బో కారులో పాత తరం ఆయిల్ పోస్తే ఆ రక్షణ మీకు లేదు. ఔటర్ మీద వేగంగా వచ్చి దిగగానే టక్కున ఇంజిన్ ఆపేయకండి, ఒక నిమిషం తిరగనివ్వండి. లేకపోతే ఆగిన టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్6 డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసిని అది అప్పుడప్పుడు కాల్చేసుకుంటుంది. ఆయిల్‌లోని లోహపు మందుల బూడిదను మాత్రం కాల్చలేదు, అది అందులోనే పేరుకుంటుంది. అందుకే వీటికి బూడిద తక్కువగా మిగిలే ఆయిల్ కావాలి. కార్లకు ఏసీఈఏ సీ తరగతి, లారీలకు ఏపీఐ సీకే-4 వంటివి. పాత టిప్పర్‌కు పోసే ఆయిల్ దీనికి పోస్తే ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇంకొకటి. కాలనీల్లో చిన్న చిన్న ట్రిప్పులే తిప్పితే మసి కాల్చే పని మధ్యలో ఆగి, కాలని డీజిల్ కారి ఆయిల్‌లో కలుస్తుంది. గేజ్‌లో ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది. పెరిగిందని సంతోషించకండి. అది పల్చబడిన ఆయిల్, వెంటనే మార్చాలి.

మన పక్కనే నాదర్‌గుల్‌లో శిక్షణ విమానాలు వాడుకున్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అలాంటి చిన్న శిక్షణ విమానాలలోనివీ పిస్టన్ ఇంజిన్లే, కానీ వాటిలో కారు ఆయిల్ పోయరు. అందులోని లోహపు మందులు గాలితో చల్లబడే ఆ ఇంజిన్‌లో బూడిదై, నిప్పురవ్వలా మిగిలి ముందుగానే మంట రాజేస్తాయి. అందుకే బూడిద మిగలని ప్రత్యేక ఆయిల్ వాడతారు. లైకమింగ్ ఇంజిన్‌కు ఫుల్ ఫ్లో ఫిల్టర్ ఉంటే 50 గంటలకు, జాలీ మాత్రమే ఉంటే 25 గంటలకు ఆయిల్ మార్చాలని తయారీ సంస్థ చెబుతుంది. అక్కడి లెక్క గంటల్లో ఉండటం గమనించండి. విమానాశ్రయం దగ్గర ఏసీ వేసుకుని గంటల తరబడి ఫ్లైట్ కోసం కాచుకునే క్యాబ్‌కు మీటరు తిరగదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కంపెనీ పుస్తకంలో కఠిన పరిస్థితులకు వేరే వ్యవధి రాసి ఉంటుంది. క్యాబ్ సోదరులు పాటించాల్సింది దాన్నే. సీఎన్‌జీ అయితే మరీ, ఆ మంట వేడికి ఆయిల్ త్వరగా ముదిరి చిక్కబడుతుంది.

చిక్కటిది పోస్తే ఎప్పుడూ మంచిదేనన్న వాదానికి ఈమధ్య అమెరికా నుంచి ఒక ఉదాహరణ తెచ్చి చూపిస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఉన్న దాదాపు 6 లక్షల వాహనాలను అమెరికాలో వెనక్కి పిలిచిన మాట నిజం. తనిఖీలో బాగున్న ఇంజిన్లకు 0డబ్ల్యూ-20 బదులు 0డబ్ల్యూ-40 పోయాలని చెప్పిన మాటా నిజమే. అయితే అక్కడ లోపం క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీలో ఉంది. గ్రేడ్ మార్చింది ఆ ఇంజిన్‌ను తయారు చేసిన సంస్థే, ఆ ఒక్క ఇంజిన్‌కే. ఆయిల్ గ్రేడ్ ఎంత పెద్ద విషయమో ఇది చూపిస్తుంది. దాన్ని షెడ్డులో కూర్చుని మార్చేయవచ్చని చూపించదు.

ఇంతవరకు చెప్పింది అసలైన ఆయిల్ గురించి. డబ్బాలో ఉన్నది అసలైనదే కాకపోతే ఈ ఎంపికంతా వృథా. హైదరాబాద్ చుట్టుపక్కల నకిలీ ఇంజిన్ ఆయిల్ కేంద్రాల మీద పోలీసులు దాడులు చేసిన వార్తలు పలుమార్లు చదివాం. ఆ పని జరిగే తీరు ఇది. మీ బండి నుంచి దించిన నల్లటి పాత ఆయిల్ ఒక చోట చేరుతుంది. మీరు వదిలేసి వచ్చిన ఖాళీ డబ్బా పాత సామాన్లవాడి ద్వారా ఇంకో చోట చేరుతుంది. పాత ఆయిల్‌ను వడగట్టి, మడ్డి దించి, రంగు కలిపి, ఆ ఖాళీ డబ్బాలోనే నింపి కొత్త మూత బిగిస్తారు. అందులో జింకు రక్షణ లేదు, మసిని పట్టి ఉంచే మందు లేదు. కొంతకాలం చిక్కగా కనిపించి వేడికి నీళ్లైపోతుంది. మీ బండి నుంచి తీసిన మురికినే మీకు కొత్త ధరకు అమ్ముతున్నారు. నెలవారీ కిస్తీలు కడుతూ ఒక్క కారు మీద ఇల్లు నడిపే డ్రైవర్‌కు ఇది కడుపు మీద కొట్టడమే. కందెన నూనెలు, గ్రీజుల వ్యాపారాన్ని నియంత్రించే 1987 నాటి ఉత్తర్వు కల్తీని నిషేధిస్తోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం నకిలీ సరుకు తయారీకీ, అమ్మకానికీ జైలుశిక్ష పెట్టింది. చట్టం ఉంది, ఫిర్యాదు చేసేవారు కావాలి.

కాబట్టి చేయాల్సింది చెబుతాను. బండితో వచ్చిన పుస్తకం తీసి గ్రేడ్, ఏపీఐ తరగతి, బైక్ అయితే జాసో గుర్తు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పుస్తకం పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఆయిల్ మీరే పెట్రోల్ బంకులోనో, కంపెనీ డీలరు దగ్గరో కొని తీసుకెళ్లండి. బిల్లు అడగండి, దాని మీద బ్యాచ్ నంబరు రాయించండి. వారంటీ గొడవ వస్తే మిమ్మల్ని నిలబెట్టేది ఆ బిల్లే. డబ్బా మీద గీకి చూసే కోడ్, స్కాన్ చేసే కోడ్ ఉంటే అక్కడే సరిచూడండి. సీలు మీ ముందే విప్పించండి. పోసిన తర్వాత ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో చిల్లు పెట్టి, లేబుల్ చింపి వదలండి. ఆయిల్ గేజ్ మీద పై గీత దాటకూడదు. ఎక్కువ పోస్తే క్రాంక్ చిలికి నురగ పుట్టి, ఒత్తిడి తగ్గి, సీళ్లు కారతాయి. నడుపుతుండగా ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే ఇల్లు దగ్గరే కదా అని ముందుకు పోకండి. బండి పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఆ దీపం చెప్పేది ఆయిల్ ఒత్తిడి పోయిందని, ఇక ఇంజిన్‌కు మిగిలింది నిమిషాలేనని.

మెకానిక్ మిత్రులకు కూడా మనవి. మీ చేతి పని మీద మాకు నమ్మకం ఉంది. ఆ నమ్మకం మీదే కస్టమర్ లూజ్ ఆయిల్‌కు తల ఊపుతున్నాడు. ఇంజిన్ పోయిన రోజున చెడ్డపేరు వచ్చేది డ్రమ్ము సరఫరా చేసినవాడికి కాదు, మీకే. ఆ డ్రమ్మును ఈరోజే వెనక్కి పంపండి. దించిన పాత ఆయిల్‌ను మోరీలో పారబోయకండి, కొనడానికి వచ్చిన ఎవరికి పడితే వారికి అమ్మకండి. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కించింది, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. పౌరసరఫరాల అధికారులు, పోలీసులు బాలాపూర్ నుంచి పహాడీ షరీఫ్ దాకా ఉన్న ఆయిల్ దుకాణాలలో ఈ వేసవిలోనే నమూనాలు తీసి పరీక్షకు పంపాలి. అనుమానం వచ్చిన డబ్బాను పారేయకండి, బిల్లుతో సహా దాచి పోలీసులకు 100కు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 1915కు ఫోన్ చేయండి.